ట్రైప్ దొర ఛాయాచిత్రాలు

తుళ్లూరు నుండి పడమటి దిక్కుగా, కృష్ణ కుడిగట్టు వెంబడి సాగిపోతే కొద్ది కోసుల దూరంలో అమరావతి వస్తుంది. ప్రత్తికీ మిరపకూ పేరుపడిన నల్లరేగడి సీమ అది. 2015లో తుళ్లూరు మండలంలోని ఉద్దండరాయునిపాలెం వద్ద రాజధాని నగరానికి శంకుస్థాపన చేసినప్పుడు, దానికి ఈ పాతవూరి పేరే పెట్టినారు. అయితే ఏ శిల్పాల మూలంగా ఆ పేరు దేశదేశాల మారుమ్రోగినదో, ఆ శిల్పాలలో పెక్కు అక్కడ లేవు. కొన్ని చెన్నపట్నం చేరినవి. కొన్ని సముద్రం దాటి లండను చేరినవి. అవి ఓడ ఎక్కక మునుపు వాటి రూపాన్ని కాగితంపై నిలిపినవాడు లిన్నేయస్ ట్రైప్ అనే ఒక సైనికోద్యోగి.

ట్రైప్ 1822లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టులో జన్మించినాడు. చిన్నతనంలోనే ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి చెన్నపట్నం రాజధానికి వచ్చినాడు. మధ్యలో సెలవుపై స్వదేశానికి వెళ్లినప్పుడు, అప్పుడప్పుడే తల యెత్తుచున్న ఛాయాచిత్ర కళ ఆయనను ఆకర్షించినది. 1853లో లండనులో ఏర్పడిన ఛాయాచిత్రకారుల సంఘంలో సభ్యుడైనాడు. 1854లో తిరిగి బెంగుళూరు దండుకు వచ్చునప్పటికి ఆయనకు ఉద్యోగం ఒకటి, వ్యసనం ఒకటి.

ఆ కాలంలో ఛాయాచిత్రం తీయడం నేటివలె వ్రేలితో మీట నొక్కే పని కాదు. పలుచని కాగితానికి మైనం పట్టించి, లవణ ద్రావకంలో నానబెట్టి, ఆరిన పిమ్మట వెండి ద్రావకంతో దానికి వెలుగును గ్రహించే గుణం కల్పించవలె. కెమెరా ముందు నిమిషాల తరబడి దృశ్యం కదలకుండా ఉండవలె. పిమ్మట చీకటిగదిలో కడిగి, ఆ కాగితాన్ని వేరొక కాగితంపై పరచి, ఎండలో పెట్టి అచ్చు తీయవలె. మన ఎండలకు రసాయనాలు చెడిపోయేవి. ఆకాశం మచ్చలు మచ్చలుగా వచ్చేది. ట్రైప్ ఆ మూలప్రతులపై ఓపికగా కుంచెతో రంగు వేసి, మబ్బులను, చెట్ల ఆకులను దిద్దేవాడు.

1854 డిసెంబరులో ఆయన ఆండ్రూ నీల్ అనే వైద్యునితో కలిసి మైసూరు సీమలోని హళేబీడు, బేలూరు దేవాలయాలను చిత్రించినాడు. మరు సంవత్సరం ఫిబ్రవరిలో చెన్నపట్నంలో దక్షిణదేశపు ముడిసరకులు, కళలు, చేతిపనుల ప్రదర్శన జరిగినది. పంటలు, నేతలు, లోహపు పనులు కొలువుతీరిన ఆ చోట ట్రైప్ తన చిత్రాలు 68 ఉంచినాడు. కాగితంపై తీసిన దృశ్యాలలో ఈ వరుసయే శ్రేష్ఠమని న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పినారు. పుట్టినగడ్డకు వేల మైళ్ల దూరంలో, కొలువు చేస్తూ తీరిక వేళల్లో చేసిన పనికి లభించిన ఆ మెప్పు ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పినది. అదే సంవత్సరం బర్మా రాజు కొలువుకు వెళ్లిన రాయబార బృందంలో ఆయనకు చోటు దొరికినది. 1856లో చెన్నపట్నం ప్రభుత్వం ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించినది. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానం మీది శాసనాన్ని 21 చిత్రాలుగా తీసి ఒకే పటంగా అతికించినది ఈ ఉద్యోగంలోనే.

ఇక అమరావతి సంగతి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఆ పట్టణాన్ని కట్టించిన రోజులలో దీపాలదిన్నె అనే మట్టిగుట్టలో చెక్కిన రాళ్లు బయల్పడినవి. కర్నల్ కాలిన్ మెకంజీ వాటిని చూసి, 1816 నుండి బొమ్మలు వేయించినాడు. ఆ లోపల ఎన్నో రాళ్లు కట్టడాలలో కలిసిపోయినవి. ఎన్నో సున్నపు బట్టీలలో కాలి బూడిదైనవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి, దొరికిన వాటిని చెన్నపట్నం పంపించినాడు. అందువల్లనే అవి ఇలియట్ రాళ్లు అనిపించుకొన్నవి. 1858 వేసవిలో ట్రైప్ వాటిని చెన్నపట్నంలోనే చిత్రించినాడు. పూర్ణకుంభాలు, పద్మాలు, పూలదండ మోసే పురుషులు, స్తూపానికి మ్రొక్కే స్త్రీలు అన్నీ 75 చిత్రాల సంపుటిగా వెలువడినవి. ఆ వెంటనే, 1859లో, వాటిలో 121 రాళ్లను లండనుకు పంపించివేసినారు.

లండనులో వాటికి గౌరవం వెంటనే దక్కలేదు. ఫైఫ్ హౌస్ బండ్లశాలలో మూలబడి ఉండగా 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని కనుగొన్నాడు. ఛాయాచిత్రాలు తీయించి ఆ యేటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఉంచినాడు. అంటే కృష్ణాతీరపు శిల్పులను ఐరోపా ఖండానికి పరిచయం చేసిన వానిలో ఛాయాచిత్రం ఒకటి! 1880లో ఆ రాళ్లు బ్రిటిష్ మ్యూజియానికి చేరినవి. నేటికీ అక్కడనే ఉన్నవి.

ట్రైప్ అదృష్టం మాత్రం ఎక్కువ కాలం సాగలేదు. గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ పొదుపు పేరిట ఆ ఛాయాచిత్రశాఖను 1860 నాటికి మూయించినాడు. ట్రైప్ తిరిగి సైన్యపు పనిలో పడినాడు. 1902లో, పుట్టిన ఊరిలోనే కన్నుమూసినాడు. 2014లో వాషింగ్టనులో, పిదప న్యూయార్కులో, లండనులో ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు లోకం ఆయనను మరల తలచుకొన్నది.

ఆ చిత్రాల విలువ అందానికి పరిమితం కాదు. రాయి ఊరు దాటిన పిమ్మట ఏ ముక్క ఎంతవరకు విరిగి ఉన్నదో, ఏ బొమ్మకు ముఖం మిగిలినదో చెప్పగల సాక్షి ఆ కాగితమే. ఇది మన రాయి, మన శిల్పి చెక్కినది అని చెప్పుకొనే కృష్ణాతీరవాసి అసలు రాతిని చూడవలెనంటే చెన్నపట్నం పోవలె, లేదా లండను పోవలె. పరదేశంలో కొలువు చేసిన ఒక సైనికుడు ఏనాడో 68 చిత్రాలతో మొదలుపెట్టిన పని, ఆ దూరాన్ని కొంతైనా తగ్గించినది. ఆ 75 చిత్రాల ప్రతులు తుళ్లూరు సీమలో ఒక చిన్న గదిలో గోడలకు వ్రేలాడితే చాలును. చేనుపని ముగించుకొని వచ్చిన రైతు, తన తాతల నాటి ఉలి దెబ్బను తన కళ్లతో గుర్తుపట్టగలడు.