మీకు తెలుసా? తెడ్డు పట్టిన తాతలు, తేలని తగువులు

ఐర్లండ్‌కు చెందిన రిచర్డ్ మోర్గన్ అనే తాతయ్య 92 ఏళ్ల వయసులో ల్యాబ్‌లో రోయింగ్ మెషీన్ మీద 2,000 మీటర్లు లాగుతుంటే, ఆయన గుండె నిమిషానికి 153 సార్లు కొట్టుకుంది! "220లోంచి వయసు తీసెయ్, అదే నీ గుండె హద్దు" అని జిమ్ముల్లో చెప్పే లెక్క ప్రకారం అది 128 దాటకూడదు మరి!

ఇంతకీ ఆ 220 లెక్క ఎలా పుట్టిందో తెలుసా? దానికోసం ఎవరూ ప్రత్యేకంగా పరిశోధన చేయలేదు! 1971లో కొందరు అమెరికా శాస్త్రవేత్తలు పాత అధ్యయనాల అంకెలన్నీ ఒకచోట పేర్చి, వాటి మధ్యగా గీసిన ఉజ్జాయింపు గీత అది. 2001లో ఇంకో లెక్క వచ్చింది: వయసును 0.7తో గుణించి, 208లోంచి తీసెయ్యాలి. తమాషా ఏమిటంటే నలభయ్యో ఏట రెండు లెక్కలూ సరిగ్గా 180 దగ్గర కలుస్తాయి, ఆ తర్వాత విడిపోతాయి! అరవై ఏళ్ల వ్యక్తికి పాత లెక్క 160 అంటే, కొత్తది 166 అంటుంది. "నా గుండె 170 కొట్టింది" అని ఒక పెద్దాయన అంటే పక్కాయన నమ్మకపోవడానికి సగం కారణం ఈ లెక్కలే. మోర్గన్ తాతయ్య మాత్రం రెండిటినీ దాటేశాడు, కొత్త లెక్క కూడా ఆయనకు 144 దగ్గరే ఆగిపోతుంది.

ఆయన కుర్రతనం నుంచీ తెడ్డు వేస్తున్నాడనుకుంటున్నారా? కానే కాదు! 73 ఏళ్లు వచ్చేదాకా క్రమం తప్పని వ్యాయామమన్నదే ఎరగడు. బేకరీలో, బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాక, రోయింగ్ చేసే మనవడి పుణ్యాన మెషీన్ ఎక్కి, ఇండోర్ రోయింగ్‌లో నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు!

ఆయన రోజూ లాగేది సుమారు 40 నిమిషాలే, వారానికి దాదాపు 30 కిలోమీటర్లు. అంటే జహీరాబాద్ నుంచి నీళ్ల దారి ఉంటే, నెల తిరగకముందే హైదరాబాద్ చేరిపోతాడన్నమాట!

అందులో 70 శాతం తేలిగ్గా, 20 శాతం కష్టంగా, మిగిలిన 10 శాతం మాత్రమే ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి లాగుతాడు. "రోజూ ప్రాణం పెట్టి లాగితేనే ట్రైనింగ్" అనే పెద్దలకూ, "నిదానమే ప్రధానం" అనే పెద్దలకూ మధ్య క్లబ్బుల్లో ఎడతెగకుండా సాగే తగువు సరిగ్గా ఈ పాళ్ల గురించే.

ఆ తగువులో నార్వే వాళ్లు ఒక గట్టి లెక్క తెచ్చారు. 1970 నుంచి 2001 దాకా అంతర్జాతీయ పతకాలు గెలిచిన తమ రోయర్ల ట్రైనింగ్ తిరగేసి చూస్తే, తేలికపాటి సాధన నెలకు 30 గంటల నుంచి 50 గంటలకు పెరిగింది; పోటీ వేగంతో చేసే సాధన 23 గంటల నుంచి 7కు పడిపోయింది! కష్టం తగ్గితే పస తగ్గాలి కదా? ఆరు నిమిషాల మెషీన్ పరీక్షలో వాళ్ల సత్తా 10 శాతం పెరిగింది! నాకైతే ఈ విషయంలో ఇంతకన్నా అబ్బురం కలిగించే లెక్క ఇంకోటి లేదు.

మనుషులు చెప్పే వ్యాయామానికీ, చేసే వ్యాయామానికీ తేడా ఎంతుంటుందో ఊహించగలరా? అమెరికాలో పెద్దవాళ్లను అడిగితే సగం మంది "మేం వైద్యులు చెప్పినంత చేస్తున్నాం" అన్నారు. నడుముకు కదలికలు కొలిచే పరికరం కట్టి చూస్తే నిజంగా చేస్తున్నది 5 శాతం లోపే! అందరూ అబద్ధమాడారని కాదు, మనసులో గంటలు సాగినంతగా పరికరంలో సాగవు.

అందుకే రోయింగ్ మెషీన్ల కంపెనీ కాన్సెప్ట్‌2 వాళ్ల మానిటర్, లాగడం ముగిశాక ఒక రహస్య కోడ్ ఇస్తుంది! మీటర్లూ సమయమూ ఆ కోడ్‌తో సరిపోలితేనే ర్యాంకుల పట్టికలో మీ అంకె పక్కన నిజమేనన్న గుర్తు పడుతుంది. "చూశాను, చేశాను" అంటే చాలదు! తొంభైల్లో ఉన్నవాళ్లకు కూడా అక్కడ వేరే వయసు వర్గం ఉంది.

ఈ మెషీన్ మొదటి రూపంలో, లాగితే తిరిగే చక్రం ఎక్కడిదో చెప్పుకోండి? సైకిల్‌ది! అమెరికాలోని వెర్మాంట్‌లో పడవల తెడ్లు చేసే డ్రైసిగాకర్ అన్నదమ్ములు 1981లో సైకిల్ భాగాలతో దాన్ని తయారుచేశారు.

మెషీన్ పక్కన 1 నుంచి 10 దాకా అంకెలున్న ఒక మీట ఉంటుంది. "నేను 10 మీద లాగుతాను" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు ప్రతి జిమ్ములోనూ ఉంటారు కానీ, ఒలింపిక్ రోయర్లు ఎక్కువగా 3, 5 మధ్యనే పెట్టుకుంటారు! ఆ మీట చక్రంలోకి ఎంత గాలి పోవాలో చెబుతుందే తప్ప, మీరెంత బలంగా లాగారో చెప్పదు.

ఇంకో వింత: జహీరాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, గాలి కాస్త పలచన. అయినా ఇక్కడి మెషీన్ మీద లాగిన అంకెను మచిలీపట్నం అంకెతో పోల్చవచ్చు! ఒక్కో లాగుకూ లాగుకూ మధ్య చక్రం ఎంత నెమ్మదిస్తుందో మానిటరే కొలుచుకుని, గాలి తేడాను లెక్కలోంచి తీసేస్తుంది.

500 మీటర్లు 2 నిమిషాల్లో లాగాలంటే 202 వాట్లు కావాలి. 1 నిమిషం 45 సెకన్లలో లాగాలంటే ఏకంగా 302! తగ్గింది 15 సెకన్లే, పెరిగింది 100 వాట్లు! వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. "కుర్రాడిగా ఉన్నప్పుడు 1:45 లాగేవాణ్ణి, ఇప్పుడు 2 నిమిషాలు పడుతోంది, అంతే తేడా" అని ఎవరైనా పెద్దాయన అంటే, ఆయన పోగొట్టుకున్నది మూడోవంతు బలం!

మరి ప్రపంచ రికార్డు? ఆస్ట్రేలియా రోయర్ జాషువా డంక్లీ-స్మిత్ 2018లో 2,000 మీటర్లు 5 నిమిషాల 35.8 సెకన్లలో లాగాడు. అంటే దాదాపు 590 వాట్లు! మన వంటింట్లో 500 వాట్ల మిక్సీ గిర్రున తిరిగే శక్తికన్నా ఎక్కువ, అదీ ఐదున్నర నిమిషాలపాటు ఆపకుండా.

పది లక్షల మీటర్లు లాగిన వాళ్లు కాన్సెప్ట్‌2 వాళ్ల "మిలియన్ మీటర్ల" జాబితాకు ఎక్కుతారు. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు కాబట్టి, అది ఐదుసార్లు పోయి వచ్చినంత దూరం, కుర్చీ దిగకుండా!

నీళ్ల మీద మాత్రం "ప్రపంచ రికార్డు" అన్న మాటే వాడరు! "ప్రపంచ అత్యుత్తమ సమయం" అంటారు. వెనక గాలి వీస్తే పడవ దూసుకుపోతుంది, ఎదురుగాలికి అదే పడవ బరువెక్కుతుంది. కాబట్టి రెండు చెరువుల సమయాలను పక్కపక్కన పెట్టడం న్యాయం కాదు.

మెషీన్ మీద ఓడిన వాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు: "మెషీన్ నీళ్ల మీద తేలదు కదా!" అందులో నిజం చాలానే ఉంది. బరువైన మనిషికి మెషీన్ మీద లాభం, పడవలో అదే బరువు పడవను నీళ్లలోకి దించుతుంది.

ఇప్పుడో చిక్కు ప్రశ్న. పిల్లల పోటీల్లో వయసు తగ్గించి చెబుతారు. మరి పెద్దల పోటీల్లో? పెంచి చెబితేనే లాభం! 59 ఏళ్లాయన 60 అంటే చిన్నవాళ్లతో పోటీ తప్పుతుంది. పిల్లలకైతే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు పట్టేస్తారు. ఎదుగుదల ఆగిపోయిన పెద్దల ఎముకల్లో ఆ గుర్తులు ఉండవు, ఇక కాగితమే దిక్కు. బడిలో అయ్యవారు రాసిన పుట్టిన తేదీ పదో తరగతి మెమోలోకెక్కి, అదే జీవితాంతం నిలిచిపోయిన పెద్దలు మన పల్లెల్లో ఎంతమంది లేరు!

పరుగుల తాత ఫౌజా సింగ్ 2011లో టొరంటో మారథాన్ పూర్తిచేసినప్పుడు ఆయన పాస్‌పోర్టు ప్రకారం వయసు 100. గిన్నిస్ వాళ్లు మాత్రం ఆ రికార్డు ఎక్కించలేదు! 1911 నాటి పంజాబ్ పల్లెలో పుట్టినవాడికి జనన ధ్రువపత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? నిబంధన నిబంధనే కావచ్చు కానీ, 42 కిలోమీటర్లు పరుగెత్తిన కాళ్ల పట్ల అది అన్యాయమేనని నా నమ్మకం.

అమెరికాలో 90 ఏళ్ల సైక్లిస్టు ఒకాయన 2018లో డోపింగ్ పరీక్షలో పట్టుబడ్డాడు! ముందురోజు రాత్రి తిన్న మాంసంలో ఆ మందు కలిసి ఉండొచ్చని తేల్చి, డోపింగ్ నిరోధక సంస్థ హెచ్చరికతో వదిలేసింది.

"ఇకమీదట నేను పడవ దగ్గర కనిపిస్తే కాల్చిపారేయండి" అని 1996 ఒలింపిక్స్‌లో గెలిచిన వెంటనే టీవీలో అన్నాడు బ్రిటన్ రోయర్ స్టీవ్ రెడ్‌గ్రేవ్. ఎవరూ కాల్చలేదు! మధుమేహం వచ్చినా, ఇన్సులిన్ తీసుకుంటూనే 2000లో సిడ్నీకి వెళ్లి, 38 ఏళ్ల వయసులో వరసగా ఐదో ఒలింపిక్ స్వర్ణం అందుకున్నాడు. తేడా ఎంత? 0.38 సెకన్లు! వయసూ 38, తేడాలోనూ 38!

ఆ పడవలోనే ఉన్న జేమ్స్ క్రాక్‌నెల్ 2019లో కేంబ్రిడ్జి విద్యార్థిగా ఆక్స్‌ఫర్డ్ మీద బోట్ రేస్ గెలిచాడు, 46 ఏళ్ల వయసులో! 2010లో ట్రక్కు గుద్ది మెదడుకు దెబ్బ తగిలినవాడు, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్లతో కలిసి 6.8 కిలోమీటర్లు లాగాడు.

రొమేనియాకు చెందిన ఎలిసబెటా లిపా మొదటి ఒలింపిక్ స్వర్ణానికీ చివరి స్వర్ణానికీ మధ్య దూరం 20 ఏళ్లు: 1984, 2004!

తెడ్డు ముట్టకుండానే రోయింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలవవచ్చా? భేషుగ్గా! పడవకు దారి చెప్పే కాక్స్‌కూ పతకం వస్తుంది. 1964 టోక్యోలో అమెరికా పడవ నడిపించిన రాబర్ట్ జిమోన్యి వయసు 46, అంతకు 16 ఏళ్ల ముందు ఆయన హంగేరీకి కంచు తెచ్చాడు!

మన హుస్సేన్‌సాగర్ వయసు 450 ఏళ్లు దాటింది, ఇప్పటికీ రోయింగ్ పడవలు మోస్తోంది! కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన ఈ చెరువులోనే 2002 జాతీయ క్రీడల రోయింగ్ పోటీలు జరిగాయి.

జహీరాబాద్‌కు దగ్గర్లో మంజీర మీద ఉన్న సింగూరు నిండితే దాదాపు 30 టీఎంసీలు. ఆరు లేన్లు, 2,000 మీటర్ల పొడవు, 3 మీటర్ల లోతున్న ఒలింపిక్ కాలువలు ఆ నీళ్లతో ఎన్ని నింపొచ్చో చెప్పండి? 1,700కు పైగా! ఉమ్మడి మెదక్ జిల్లాలో పడవ ఎక్కాలన్న కోరిక ఉన్న పెద్దలకు నీళ్లకు మాత్రం కొదవ లేదు.

తెలుగు ఈతగత్తె గోలి శ్యామల నలభై ఏళ్లు దాటాక 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదింది! ఆవిడ చేతిలో తెడ్డు కూడా లేదు, చేతులే తెడ్లు.

ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాంక్ రాత్‌వెల్ 70 ఏళ్ల వయసులో ఒంటరిగా అట్లాంటిక్ సముద్రం తెడ్డు వేసి దాటాడు, 56 రోజుల్లో, దాదాపు 4,800 కిలోమీటర్లు! పడవలోని జీపీఎస్ ప్రతి మైలూ ఒడ్డున ఉన్నవాళ్లకు చూపిస్తూనే ఉంది కాబట్టి ఎవరూ వాదనకు దిగలేదు.

అంతర్జాతీయ రోయింగ్‌లో ఎన్నేళ్లకు "మాస్టర్స్" కిందికి వస్తారో తెలుసా? 27కే! పెళ్లి సంబంధాలు చూసే వయసుకే పెద్దల పోటీలకు అర్హత వచ్చేస్తుంది. ఎ నుంచి ఎం దాకా 13 వర్గాలు: 27కు ఎ, 50కి డి, 60కి ఎఫ్, 70కి హెచ్, 89 నుంచి ఎం. పందెం 2,000 మీటర్లు కాదు, 1,000.

అసలు తగువంతా ఇక్కడుంది: చూసేది ఒక్కొక్కరి వయసు కాదు, పడవ సగటు వయసు! ముగ్గురు డెబ్బై ఏళ్ల తాతలు, ఒక 34 ఏళ్ల కుర్రాడు కలిస్తే సగటు 61, పడవ ఎంచక్కా అరవై దాటిన వాళ్ల వర్గంలోకి వస్తుంది. కాక్స్ వయసు లెక్కలోకి రాదు. ఎదుటి పడవలో నలుగురూ నిజంగా అరవై దాటినవాళ్లే అయితే వాళ్లకెలా ఉంటుందో ఊహించుకోండి! నిబంధనల్లో మాత్రం తప్పేమీ లేదు.

మీ ఇంట్లో 27 దాటిన నలుగురి వయసులు కూడి, నాలుగుతో భాగించి చూడండి. మీ పడవ ఏ అక్షరం కిందికి వస్తుంది?