పోటీ వేదిక కోసం రొమ్ము ఇంప్లాంట్లా? ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

కిందటి వర్షాకాలంలో ఒక ఉదయం తల్లీ కూతుళ్ళు ఇద్దరు మా ఆసుపత్రికి వచ్చారు. ఓ.పి. చీటీ రాయించుకోకుండా వరండాలోనే బల్ల మీద కూర్చున్నారు. రద్దీ తగ్గాక తల్లి మా గదిలోకి వచ్చి, "సిస్టరమ్మా, దీనికి మీరైనా చెప్పండి. నేను పాడుకున్న చిట్ డబ్బులన్నీ ఇమ్మంటోంది. ఎందుకో చెప్పడానికి నాకే నోరు రావడం లేదు" అన్నారు.

అమ్మాయికి 24 ఏళ్ళు. జిమ్‌లో ట్రైనర్‌గా పని చేస్తూ మహిళల ఫిట్‌నెస్ పోటీలకు తయారవుతోంది. తల్లిలాగా తను మొహమాటపడలేదు. "రొమ్ములకు ఇంప్లాంట్లు పెట్టించుకుందామనుకుంటున్నాను మేడమ్. పోటీ దగ్గరపడే కొద్దీ నాకు ఛాతీ అన్నదే లేకుండా పోతోంది. పక్కన నిలబడినవాళ్ళతో పోలిస్తే మగపిల్లాడిలా కనిపిస్తున్నాను" అంది.

ఆ అమ్మాయి అనుమతితో, పేరు చెప్పకుండా, ఆ రోజు మేము మాట్లాడిన విషయాలను ఇక్కడ రాస్తున్నాము. ఇలాంటి ఆలోచన ఉన్న ఆడపిల్లలు మన కుటుంబాల్లో ఇంకా ఉండవచ్చు. వాళ్ళను తిట్టి పంపేస్తే ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చేయించుకుంటారు. కూర్చోబెట్టి వివరంగా చెబితే ఆలోచిస్తారు.

ఛాతీ ఎందుకు తగ్గిపోతుంది?

రొమ్ములో పాలగ్రంథులతోపాటు కొవ్వు ఎక్కువగా ఉంటుంది. మామూలు స్త్రీ శరీరంలో సుమారు నాలుగో వంతు కొవ్వే. పోటీ వేదిక ఎక్కే రోజుకు చాలామంది దానిని 15 శాతం కన్నా తక్కువకు దించుకుంటారు. నడుము, తొడల కొవ్వు కరిగినట్టే రొమ్ముల కొవ్వు కూడా కరుగుతుంది. ఇది జబ్బు కాదు, లోపం కూడా కాదు. పోటీ అయిపోయి మామూలుగా తినడం మొదలుపెడితే చాలావరకు తిరిగి వస్తుంది.

స్త్రీల బాడీబిల్డింగ్‌లో పేరున్న మిస్ ఒలింపియా పోటీ 1980లో అమెరికాలో మొదలైంది. ఆ తర్వాత కండలు అంతగా అక్కరలేని ఫిగర్ విభాగం 2003లో, బికినీ విభాగం 2010లో ఒలింపియాలో చేరాయి. ఈ విభాగాల్లో శరీరం మొత్తం పొందిక చూస్తారు కనుక ఛాతీ నిండుగా కనిపించాలన్న ఒత్తిడి పెరిగింది. అయితే ఇంప్లాంట్లు ఉంటేనే పోటీకి రావాలన్న నియమం ఏదీ లేదు. చాలామంది పోటీ దుస్తుల లోపల ప్యాడ్‌లు కుట్టించుకుని వేదిక ఎక్కుతారు.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

సిలికోన్ తొడుగులో జెల్ గాని, ఉప్పునీరు గాని నింపిన సంచి అది. సిలికోన్ జెల్ ఇంప్లాంట్‌ను మొదటిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్ క్రోనిన్, డాక్టర్ గెరో ఒక స్త్రీకి అమర్చారు. భద్రత మీద అనుమానాలు రావడంతో 1992లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. వీటి వాడకాన్ని చాలావరకు కట్టడి చేసింది. పరిశోధనల తర్వాత 2006లో మళ్ళీ అనుమతించింది. అందం కోసమైతే జెల్ రకానికి 22 ఏళ్ళు, ఉప్పునీటి రకానికి 18 ఏళ్ళు నిండాలని అక్కడి నియమం.

ఫ్రాన్స్‌లో పిప్ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికోన్ నింపి అమ్మిన సంగతి 2010లో బయటపడింది. అనేక దేశాల్లో వేలాది స్త్రీలు వాటిని తీయించుకోవలసి వచ్చింది. 2019లో అలర్గాన్ కంపెనీ గరుకు తొడుగున్న తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్ చుట్టూ అరుదుగా వచ్చే ఒక రకం లింఫోమా క్యాన్సర్‌తో దానికి సంబంధం కనిపించడమే కారణం. 2021 నుండి అమెరికాలో ప్రతి ఇంప్లాంట్‌కూ పెద్ద అక్షరాల హెచ్చరిక ఉండాలని ఎఫ్.డి.ఏ. ఆదేశించింది. ఇవి జీవితాంతం మన్నే వస్తువులు కావన్నది ఆ హెచ్చరికలో మొదటి మాట.

పోటీ చేసేవారికి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది

ఇంప్లాంట్‌ను ఛాతీ కండరం మీద గాని, కండరం కింద గాని అమరుస్తారు. ఒంట్లో కొవ్వు బాగా తక్కువగా ఉన్నవారికి కండరం మీద పెడితే దాని అంచు, ముడతలు చర్మం పైకి కనిపిస్తాయి. కండరం కింద పెడితే అంచు కనబడదు గాని, ఛాతీ బిగించినప్పుడల్లా ఇంప్లాంట్ పైకో పక్కకో జరిగి ఆకారం మారుతుంది. దండీలు తీసేవారికి, బరువులెత్తేవారికి ఇది బాగా తెలుస్తుంది. వేదిక మీద కండరాలు బిగించి చూపించడమే కదా వీరి పని! అంటే మామూలు స్త్రీలలో బయటపడని లోపం వీరిలో దీపాల వెలుగులో బయటపడుతుంది. ఈ మాట విన్నప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి మౌనంగా ఉండిపోయింది.

ఆపరేషన్ తర్వాత సుమారు 6 వారాలు బరువులు ఎత్తకూడదు. ఛాతీ వ్యాయామాలకు ఇంకా ఎక్కువ కాలం ఆగమని సర్జన్ చెప్పవచ్చు. జిమ్ జీతం మీద బతికేవారు ఆ నెలల ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి.

మిగతా కష్టనష్టాలు

• రక్తం చేరడం, చీము పట్టడం, కుట్లు సరిగా మానకపోవడం.

• ఇంప్లాంట్ చుట్టూ శరీరం కట్టుకునే పొర బిగుసుకుని రొమ్ము గట్టిపడడం, నొప్పి పెట్టడం. మళ్ళీ ఆపరేషన్ చేయడానికి ఇది ఒక ముఖ్య కారణం.

• చనుమొనలో స్పర్శ తగ్గడం. కొందరికి తర్వాత పాలు చాలినంత రాకపోవడం.

• జెల్ సంచి చిరిగినా పైకి తెలియకపోవడం. అందుకే 5–6 ఏళ్ళకు ఒకసారి, ఆ తర్వాత 2–3 ఏళ్ళకొకసారి అల్ట్రాసౌండ్ గాని ఎం.ఆర్.ఐ. గాని చేయించుకోవాలని ఎఫ్.డి.ఏ. చెబుతోంది.

• రొమ్ము క్యాన్సర్ పరీక్షకు తీసే మామోగ్రామ్‌లో కొంత భాగం కప్పబడిపోవడం. టెక్నీషియన్‌కు ముందే చెబితే అదనపు ఫిల్ములు తీస్తారు.

ఎఫ్.డి.ఏ. అంచనా ప్రకారం అందం కోసం పెట్టించుకున్న ప్రతి 5 గురిలో ఒకరికి 8–10 ఏళ్ళలోపే వాటిని తీయించుకోవలసి వస్తుంది. 24 ఏళ్ళకు పెట్టించుకుంటే జీవితంలో ఒక్క ఆపరేషన్‌తో సరిపోతుందని అనుకోవద్దు. ఆరోగ్య బీమా సాధారణంగా అందం కోసం చేసే ఆపరేషన్లకు డబ్బు ఇవ్వదు.

మేము అడిగిన ప్రశ్న

ఇవన్నీ చెప్పాక మేము మామూలుగా అడిగే ప్రశ్న అడిగాము. "నెలసరి సరిగా వస్తోందా తల్లీ?" ఆ అమ్మాయి తల్లి వైపు చూసి, "ఏడు నెలలైంది మేడమ్. ఎక్సర్‌సైజ్ చేసేవాళ్ళకి ఇది మామూలేనట" అంది. తల్లికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఇది మామూలు కాదు. చేసే శ్రమకు తగిన తిండి లేకపోతే శరీరం మొదట నెలసరిని ఆపేస్తుంది. ఈస్ట్రోజన్ తగ్గి ఎముకలు పలచబడతాయి. ఎముకలు గట్టిపడవలసిన వయసులోనే బలం పోగొట్టుకుంటే తర్వాత పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. దీనిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అనే పేరుతో గుర్తించి హెచ్చరించింది. వ్యాయామానికి ఖర్చయిన కేలరీలు తీసేశాక, కొవ్వు కాని బరువు కిలోకు రోజుకు 30 కేలరీల కన్నా తక్కువ మిగిలితే ఇబ్బంది మొదలవుతుందని నిపుణులు చెబుతారు. కొవ్వు కాని బరువు 40 కిలోలున్న అమ్మాయికి కనీసం 1200 కేలరీలు అలా మిగలాలి. ఈ అమ్మాయి రోజంతా తినేదే అంతకన్నా తక్కువ! గుడ్డు తెల్లసొన, ఓట్స్, ఉడికించిన చికెన్ ముక్కలు, అంతే.

మా లేడీ డాక్టరుగారు గర్భం లేదని నిర్ధారించి, థైరాయిడ్, ప్రొలాక్టిన్, రక్తహీనత పరీక్షలు రాశారు. ఎముకల సాంద్రత పరీక్షకు పంపారు. జిమ్‌లో ఇచ్చిన పొడులు, మాత్రలు ఏవైనా వాడుతున్నావా అని కూడా అడిగారు. కొవ్వు కరగడానికని కొందరు వాడే క్లెన్‌బ్యుటరాల్ గుండె దడ పెంచుతుంది. దాని సంగతి దాచి మత్తుమందు తీసుకోవడం ప్రమాదం.

అయినా చేయించుకోవాలనుకుంటే

• పోటీకి ముందు, ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోవద్దు. బరువు, నెలసరి కుదుటపడ్డాక ఆలోచించండి.

• ఎం.సిహెచ్. ప్లాస్టిక్ సర్జరీ వంటి గుర్తింపు పొందిన డిగ్రీ ఉన్న సర్జన్ దగ్గరకే వెళ్ళండి. బ్యూటీ పార్లర్ మాటలు నమ్మవద్దు.

• ఏ కంపెనీది, నున్నటిదా గరుకుదా, సీరియల్ నంబరు ఎంత అన్నవి ఉన్న కార్డు అడిగి తీసుకుని దాచుకోండి.

• తర్వాత ఏళ్ళు గడిచాకైనా ఒక రొమ్ము అకస్మాత్తుగా వాచినా, గడ్డ తగిలినా వెంటనే చూపించుకోండి.

తల్లులకు ఒక మాట. సంఘంలో ఏమనుకుంటారోనని భయపడి పిల్ల నోరు మూయించకండి. ఆ రోజు ఆ అమ్మాయి ఇంప్లాంట్ల గురించి మాట్లాడడానికి వచ్చింది కనుకనే ఏడు నెలల సంగతి బయటపడింది.

ఆ అమ్మాయి ఆ సంవత్సరం పోటీ మానుకుంది. అన్నం, పప్పు, పెరుగు మళ్ళీ మొదలుపెట్టింది. ఎముకల రిపోర్టు వయసుకు తగినదానికన్నా కొంచెం తక్కువగానే వచ్చింది, అందుకే డాక్టరుగారు ఇంకా చూస్తున్నారు. ఐదో నెలలో నెలసరి వచ్చిందని తల్లి ఫోన్ చేసి చెప్పారు. మొన్న మందులకు వచ్చినప్పుడు ఆపరేషన్ మాట ఏమైందని మేము అడిగాము. "ఇంకా మనసులో ఉంది మేడమ్. కానీ ముందు ఎముకలు. చిట్ డబ్బులు అమ్మ దగ్గరే ఉన్నాయి" అని నవ్వింది.