మడగాస్కర్‌లో తీరిగ్గా తిరగాలంటే

లెమూర్లు, బావొబాబ్ చెట్లు చూసి రావడానికైతే మడగాస్కర్‌లో పది రోజులు సరిపోతాయి. అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారో తెలియాలంటే మాత్రం కొన్ని నెలలు ఉండాలి. ఎందుకంటే ఆ దేశంలో ఎక్కడికి వెళ్లొచ్చు, ఎప్పుడు వెళ్లాలి, ఏం తినకూడదు అన్నవాటిలో చాలా వరకు చనిపోయిన పెద్దలు నిర్ణయించినవే. ఈ సంగతి అర్థమైతే మిగతావన్నీ ఒక్కొక్కటిగా తెలిసొస్తాయి.

ఆఫ్రికా తీరం నుంచి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్వీపం ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా దానిలో సగానికి రావు. అక్కడి మలగాసి భాషకు అతి దగ్గరి చుట్టం ఆఫ్రికాలో లేదు. హిందూ మహాసముద్రం దాటి అవతల, ఇండోనేషియాకు చెందిన బోర్నియోలో ఉంది. వెయ్యేళ్లకు ముందే అటు నుంచి నావికులు వచ్చారు, ఆఫ్రికా ఖండం నుంచి వచ్చినవాళ్లతో కలిసిపోయారు. అందుకే మధ్య పీఠభూమిలో మెట్లు మెట్లుగా వరిమళ్లు కనిపిస్తాయి, దక్షిణానికి పోతే మూపురం ఉన్న పశువుల మందలే ఆస్తి.

ప్రయాణం మే నెలలో మొదలుపెట్టడం మేలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, అందులోనూ జనవరి నుంచి మార్చి వరకు తుఫాన్ల భయం. పడమటి వైపు మట్టిరోడ్లు చాలా వరకు అప్పుడు పనికిరావు. ఊళ్ల మధ్య జనం ఎక్కేది టాక్సీ బ్రూస్ అనే వ్యాను. సీట్లన్నీ నిండితేనే కదులుతుంది. రాజధాని అంటననరివో నుంచి నైరుతి తీరంలోని తులియారకు పోయే ఏడో నంబరు రహదారి 900 కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని ఒక్క బిగిన దాటేయకుండా దారిలో ఊరూరా ఆగుతూ పోవాలని నా సలహా.

ఆగిన ప్రతిచోటా అన్నమే. రోజుకు మూడు పూటలూ తినేవాళ్లు ఎందరో. అన్నం వండాక గిన్నెకు అంటుకున్న మాడులో నీళ్లు పోసి మరిగించి, గోరువెచ్చగా తాగుతారు. దాని పేరు రానువూల. మనం గంజి తాగినట్టే వాళ్లు అది తాగుతారు. నీళ్లు మరుగుతాయి కాబట్టి కొత్తవాళ్ల కడుపుకు కూడా మంచిదే. సంతలో బియ్యం కొలిచేది కపువాకతో, అంటే డబ్బాపాల ఖాళీ డబ్బాతో. మూడున్నర డబ్బాలైతే కాస్త అటూఇటుగా కిలో. డబ్బు లెక్కలో ఒక చిక్కుంది. 2005లో పాత ఫ్రాంకు పోయి అరియారి వచ్చింది. ఒక అరియారికి అయిదు ఫ్రాంకులు. పల్లెల్లో పాత లెక్కలో ధర చెప్పే అలవాటు చాలాకాలం పోలేదు. అయిదింతల ధర విని మోసమని తగువుకు దిగే ముందు ఏ లెక్కలో చెప్పారో అడగాలి.

ఇక పెద్దల మాట. ఊరికో, వంశానికో పెద్దలు పెట్టిన కొన్ని నిషేధాలుంటాయి. వాటిని ఫాది అంటారు. ఒకచోట పంది మాంసం తేకూడదు, ఇంకోచోట ఫలానా వారం పొలంలో దిగకూడదు. సమాధి వైపు వేలు చాచి చూపడం చాలాచోట్ల తప్పు. చూపాలంటే వేలు మడిచి చూపుతారు. ఒక ఊరి ఫాది పక్క ఊళ్లో ఉండకపోవచ్చు. అందుకే అడుగుపెట్టగానే ఊరిపెద్దను కలిసి, ఇక్కడ ఏం చేయకూడదని అడగాలి. అడిగినవాడిని వాళ్లు గౌరవిస్తారు.

ఫాదిని వింతగా చూసి మురిసిపోవడం నాకు నచ్చదు. తూర్పు అడవుల్లో బెత్సిమిసారక తెగవాళ్లు ఇండ్రి అనే పెద్ద లెమూరును చంపడం తప్పని నమ్మారు, ఆ నమ్మకం ఆ జంతువుకు ఎంతో కాలం కాపుదల అయ్యింది. అదే తూర్పు తీరంలో, మనంజారి ప్రాంతంలో కవల పిల్లలు పుట్టడమే ఫాది. అలా పుట్టిన పసివాళ్లను తల్లిదండ్రులు వదిలేసిన సంగతులు ఎన్నో ఉన్నాయి. రెండూ ఒకే పద్ధతిలోంచి వచ్చాయి. నెలల తరబడి ఉండేవాడు ఈ రెండోదాన్ని కూడా చూడక తప్పదు.

జులై నుంచి సెప్టెంబరు దాకా పీఠభూమి మీద చలి. అది ఫమదిహనల కాలం. కొన్నేళ్లకొకసారి కుటుంబమంతా చేరి, సమాధి తెరిచి, పెద్దల అస్థికలను బయటికి తెచ్చి కొత్త వస్త్రం చుడతారు. బాజాలు మోగుతాయి. మూటను భుజాలకెత్తుకుని సమాధి చుట్టూ ఆడతారు. పుట్టిన మనవళ్ల కబుర్లు ఆ మూటకు చెప్పుకుంటారు. అక్కడ ఏడవకూడదు. వస్త్రాలకు, విందుకు అయ్యే ఖర్చు కోసం ఏళ్ల తరబడి కూడబెడతారు, అప్పులూ చేస్తారు. ఇది దండగ అంటూ వ్యతిరేకించే పాస్టర్లు అక్కడా ఉన్నారు. పిలిస్తే వెళ్లండి, ఆ కుటుంబం చేతిలో కొంత సొమ్ము పెట్టండి, ఫోటోకు ముందు అనుమతి అడగండి.

మన మొహం చూడగానే కరాన అనుకోవచ్చు. గుజరాత్ నుంచి వెళ్లి స్థిరపడిన వ్యాపార కుటుంబాలకు అక్కడ ఆ పేరు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినా వాళ్లలో చాలామందికి పౌరసత్వం దక్కలేదు. డబ్బున్నవాళ్లన్న పేరు వల్ల కిడ్నాపుల బెడద కూడా ఉంది. కాబట్టి కొత్త ఊళ్లో దిగగానే మీరెవరో, ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు తిరుగుతున్నారో ముందుగా చెప్పేయండి. బంగారం ఇంట్లోనే వదిలి వెళ్లండి, చీకటి పడ్డాక రోడ్డు ప్రయాణం పెట్టుకోకండి.