నారుమడిలో ఊద

రండర్రా, అరుగు మీద అందరికీ చోటుంది. చిన్నదాన్ని ఇటు నా పక్కకి తీసుకురండి. ఇవాళ రక్తం కబుర్లు చెప్పుకుందాం.

మన రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా వెళ్తే భీమవరం వస్తుంది కదా! 1895లో ఆ ఊళ్ళో పుట్టారు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. కుర్రతనంలో ఆయన చదువొదిలేసి, కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి బోలెడు డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే పట్టుకొచ్చేశారనుకోండి! మెట్రిక్ కూడా ఒకటికి రెండుసార్లు తప్పారు. తర్వాత మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరారు.

ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బది. దానికి బాగా పనిచేసిన మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. మీరు కంచంలో పక్కకి నెట్టేసే తోటకూరలో ఉండే విటమినే! దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది, లెడర్లీ మందుల కంపెనీలో సుబ్బారావుగారి నాయకత్వాన పనిచేసిన బృందమే.

ఇప్పుడు అసలు కథ. మన ఎముకల లోపలి మూలుగ ఓ నారుమడి. రక్తకణాలన్నీ అక్కడే మొలకెత్తుతాయి. ఒక్కోసారి ఆ మడిలో ఊద పుడుతుంది. అచ్చం వరి మొక్కలాగే ఉంటుంది గానీ గింజ పనికిరాదు. ఎదగని తెల్లకణాలు అలాగే తెగ పెరిగిపోయి, మంచి కణాలకి చోటు లేకుండా చేస్తాయి. అదే లుకేమియా, రక్త క్యాన్సర్. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఆ ఊదకి ఫోలిక్ యాసిడ్ ఎరువు. మరి ఎరువులా కనిపించే దొంగ సరుకు వేస్తే? పీల్చుకుంటుంది, పెరగలేదు! సుబ్బారావుగారి బృందం అలాంటి సరుకు చేసింది. పేరు అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుగారు దాన్ని 16 మంది పిల్లలకిస్తే, 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్నాళ్ళే తగ్గింది, నిజమే. కానీ అప్పటిదాకా ఆ జబ్బుకి దారే లేదు. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుకి తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ పిల్లలకి వాడుతున్నారు. మంచి వైద్యం పూర్తిగా అందిన చోట పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది పిల్లలు బతికి బట్టకడుతున్నారు.

గుమ్మంలో నిలబడ్డ అమ్మలూ, మీరూ వినండి. బిడ్డ పాలిపోయినా, జ్వరం వదలకపోయినా, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు లేచినా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, కాళ్ళు నొప్పులని రాత్రిళ్ళు ఏడ్చినా, మెడ దగ్గర గడ్డలు కట్టినా దిష్టి తీసి ఊరుకోవద్దు. వీటిలో చాలామటుకు మామూలు జబ్బులే అవుతాయి. అయినా డాక్టరుకి చూపించి సీబీసీ రక్తపరీక్ష చేయించండి. అనుమానం వస్తే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రక్త క్యాన్సర్ అంటుజబ్బు కాదు, ఎవరి పాపమూ కాదు. ఈ జబ్బున్న బిడ్డతో మీ పిల్లల్ని ఆడుకోనివ్వండి, జలుబూ జ్వరాలున్నప్పుడు మాత్రం దూరంగా ఉంచండి. వైద్యం చాలామందికి రెండు మూడేళ్ళు సాగుతుంది. నెల తిరిగేసరికి బిడ్డ గంతులేస్తున్నా మందు ఆపొద్దు. పైకి కనబడకపోయినా ఊద వేరు మళ్ళీ చిగురేస్తుంది.