మక్పేలా పొలమా? నాబోతు తోటా?

పరిశుద్ధ గ్రంథములో రెండు భూమి బేరాలున్నాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం ఈ రోజుల్లో మన ఊళ్ళకు ఎంతో అవసరం.

మొదటిది ఆదికాండము 23వ అధ్యాయములోనిది. శారా మరణించింది. ఆమెను పాతిపెట్టడానికి అబ్రాహాముకు ఆ దేశంలో జానెడు నేల లేదు. ఎఫ్రోను తన మక్పేలా పొలాన్ని ఊరికే ఇస్తానన్నాడు. అబ్రాహాము ఒప్పుకోలేదు. ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా వెల మాట్లాడి, 400 తులముల వెండి తూచి ఇచ్చాడు. పొలము, దానిలోని గుహ, సరిహద్దు లోపలి చెట్లతో సహా అన్నీ ఖాయపరచుకున్నాడు.

రెండవది మొదటి రాజుల గ్రంథము 21వ అధ్యాయములోనిది. అహాబు రాజుకు నాబోతు ద్రాక్షతోట కావలసి వచ్చింది. డబ్బు ఇస్తానన్నాడు, ఇంతకన్న మంచి తోట ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యమును ఇవ్వనని నాబోతు చెప్పాడు. తరువాత జరిగినది మీకు తెలుసు. రాణి ఉత్తరాలు పంపింది, ఊరి పెద్దలు నోరెత్తకుండా ఆమె చెప్పినట్టే చేశారు, నాబోతు రాళ్ళ దెబ్బలకు చనిపోయాడు.

ఈ రెంటి మధ్య తేడా డబ్బులో లేదు. అహాబు కూడా వెల ఇస్తాననే అన్నాడు. ఒక బేరం నలుగురి ఎదుట, ఎదుటివాని మాట విని జరిగింది. రెండవదానిలో "వద్దు" అనే మాటకు చోటే లేకపోయింది.

మన నేలమీదికి వచ్చిన కొత్త పొరుగువారు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం వాన తక్కువ నేల. వేరుశెనగ వేసి ఆకాశం వైపు చూడడం మన తాతల నాటినుండి ఉన్నదే. ఏ గాలి మన మబ్బులను తరిమేస్తుందని మనం నిట్టూర్చామో, ఏ ఎండ మన పైరును మాడ్చేస్తుందని బాధపడ్డామో, ఆ గాలికి, ఆ ఎండకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. రామగిరి కొండలమీద 1990లలోనే గాలిమరలు లేచాయి. మన జిల్లాలోనే కదిరి అవతల నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల లక్ష్యంతో, సుమారు 7,900 ఎకరాలలో సోలార్ పార్కు తలపెట్టారు. అక్కడ 2016లో ఎన్.టి.పి.సి. సంస్థ విద్యుత్తు తీయడం మొదలుపెట్టింది. పక్కనున్న అనంతపురం జిల్లాలో, గుత్తి మండలం బేతాపల్లిలో 2025 మే నెలలో రెన్యూ కంపెనీ మరో పెద్ద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసింది. ఇంకా వస్తాయి.

ఇది దేవుని వరమే. పొగ లేని విద్యుత్తు దేశానికి అవసరం. మన సంఘాలలోని యువకులు కొందరికి అక్కడ పని దొరుకుతుంది. అయితే కట్టడం జరిగేటప్పుడు వందలమందికి ఉండే పని, కట్టడం ముగిశాక కొద్దిమందికే మిగులుతుంది. పలకలు కడగడం, కసువు కోయడం, కాపలా, కొద్దిపాటి సాంకేతిక పని, అంతే. అందుచేత అసలు ప్రశ్న ఉద్యోగాలతో తీరేది కాదు. వచ్చిన పొరుగువాడు మనతో అబ్రాహాములాగా ఉంటాడా, అహాబులాగా ఉంటాడా అన్నదే ప్రశ్న.

"బీడు" అని రాసిన చోట

చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల మధ్య కల్పవల్లి అనే గుట్టల ప్రాంతం ఉంది. రెవెన్యూ లెక్కల్లో అది బంజరు. ఒకప్పుడు నిజంగానే బోడిగుట్టలు. 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి ముష్టికోవెల మొదలైన ఊళ్ళవారు ఏళ్ళ తరబడి ఆ గుట్టలను కాపాడారు. నిప్పు పడకుండా చూశారు, చెట్లు నరకకుండా చూశారు. కసువు పెరిగింది, ఈతచెట్లు పెరిగాయి, వాగుల్లో చెమ్మ నిలిచింది. గొర్రెల కాపరులకు మేత, ఇల్లు కప్పుకొనేవారికి బోద, చీపుర్లు, చాపలు అల్లే స్త్రీలకు ఈతాకు దొరికాయి.

2010 ప్రాంతంలో అక్కడికి నల్లకొండ గాలి విద్యుత్ ప్రాజెక్టు వచ్చింది. మొత్తం 63 గాలిమరలు, 50.4 మెగావాట్లు. మరలను పైకి చేర్చడానికి గుట్టలను తొలిచి వెడల్పాటి రోడ్లు వేశారు. మట్టి జారి వాగుల్లో పడుతోందని, మేత పోతోందని ఊళ్ళవారు మొరపెట్టారు. 2013లో సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది.

ఇక్కడ మనం గ్రహించవలసినది ఒకటుంది. కాగితం మీద అది ఎవరిదీ కాని నేల. కాపరికి అది కంచం. కాపరి పేరు ఏ పట్టాలోనూ లేదు కాబట్టి అతనిని అడగవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. పైగా 2006 నాటి పర్యావరణ నోటిఫికేషను ప్రకారం గాలి, సౌర విద్యుత్ కేంద్రాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కరలేదు. ఆ అనుమతి లేనప్పుడు దానితోపాటు జరిగే బహిరంగ విచారణ కూడా ఉండదు. అనగా ఊరి గవిని దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. ఆ గవినిని మనమే తెరవాలి.

దానమా, బాధ్యతా?

కంపెనీవారు బడికి బెంచీలు ఇస్తారు, మంచినీళ్ళ ప్లాంటు పెడతారు, కంటి శిబిరం నడుపుతారు. మనవారు దండలు వేసి, దొరగారి దయ అన్నట్టు మాట్లాడతారు. కృతజ్ఞత చెప్పడం మంచిదే. కాని సంగతి తెలుసుకొని చెప్పాలి.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. ఏడాదికి 5 కోట్ల రూపాయల నికర లాభమో, 1,000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కొరకు ఖర్చుపెట్టాలి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది. ఏ పనులకు ఖర్చుపెడుతున్నదో తన వెబ్‌సైటులో చూపించాలి. మీ ఇంట్లో చదువుకున్న పిల్లవాడు సెల్‌ఫోనులో చూసి చెప్పగలడు.

అయితే ఒక మెలిక ఉంది. మన ఊరి ప్లాంటు చాలాసార్లు ఒక చిన్న అనుబంధ కంపెనీ పేరున ఉంటుంది. మొదటి ఏళ్ళలో దానికి లాభమే కనబడకపోవచ్చు. కాబట్టి కాగితం మీద ఉన్న పేరు ఎవరిది, దాని తల్లి కంపెనీ ఎవరిది అని ముందే అడగాలి. ఇంకొక మాట. చట్టం చెప్పిన పనుల పట్టికలో విద్య, ఆరోగ్యం, తాగునీరు, ఉపాధి శిక్షణ వంటివి ఉన్నాయి, మందిరాల నిర్మాణం లేదు. సంఘ పెద్దలు మందిరం ప్రహరీగోడ కొరకు కంపెనీ గేటు దగ్గర నిలబడవద్దు. మనం నిలబడితే ఊరందరి బావి కొరకు, ఊరందరి బడి కొరకు నిలబడదాం.

అన్నిటికన్న ముఖ్యమైనది, ఈ 2 శాతం నేల వెల కాదు. నష్టపరిహారం హక్కు. బెంచీలు ఇచ్చాం గదా, ఇక మేత సంగతి ఎత్తవద్దంటే అది దానం కాదు, నోటికి వేసిన తాళం.

వేలిముద్రకు ముందు

మన సంఘాలలో అనేక కుటుంబాలకు ఉన్నది డి.కె.టి. పట్టా భూమి. అసైన్డ్ భూమి చేతులు మారకుండా 1977 చట్టం నిషేధం పెట్టింది. కనుక దళారి చేతిలో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయవద్దు. ప్రజావసరం కొరకు ప్రభుత్వం ఆ భూమిని తిరిగి తీసుకుంటే, పట్టాదారుకు మార్కెట్ విలువతో సమానమైన పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. "అది సర్కారు భూమి, ఇచ్చింది తీసుకో" అన్నవారికి ఆ తీర్పు చూపించండి.

సొంత పట్టా భూమి కౌలుకు ఇచ్చేవారు కాగితం చదివించుకోవాలి. విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు సాధారణంగా 25 ఏళ్ళవి. ఈనాడు సంతకం పెట్టిన తండ్రి అప్పటికి ఉంటాడో లేడో. కౌలు ఎన్నేళ్ళకు ఒకసారి, ఎంత పెరుగుతుంది? గడువు తీరాక సిమెంటు దిమ్మెలు ఎవరు తీస్తారు? పలకలు కడగడానికి నీళ్ళు ఎక్కడివి, మన బోర్లవా? గొర్రెలకు దారి వదులుతారా? ఇవన్నీ కాగితం మీదికి రావాలి. అబ్రాహాము చెట్లను కూడా వదలలేదు.

పొలంలో పెద్ద లైన్ల టవరు పడితే కూడా పరిహారం ఉంది. టవరు కింది నేలకు విలువలో 85 శాతం అని కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జూన్‌లో దానిని 200 శాతానికి పెంచి, తీగల కింది దారికి 30 శాతం అన్నది. మన రాష్ట్రంలో మీ లైనుకు ఏది వర్తిస్తుందో కలెక్టరు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

సంఘము చేయదగినది

గ్రామసభ జరిగే రోజున సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యులు తప్పక వెళ్ళాలి. పట్టా లేని కాపరిని, కసువు కోసే విధవరాలిని వెంట తీసుకొని వెళ్ళాలి. వారి మాట తీర్మానం పుస్తకంలో ఎక్కేవరకు లేవవద్దు. యెజెబెలు ఉత్తరం చదివి తలూపిన పెద్దలవలె మన పెద్దలు ఉండకూడదు. ఒక కాంట్రాక్టుకో, ఒక వాచ్‌మన్ ఉద్యోగానికో పొరుగువాని నేలను అప్పగించడం పాపమే.

అలాగని కంపెనీ మీద రాళ్ళు వేయడం కూడా మన పని కాదు. అక్కడ పనిచేసే ఇంజనీరు, కాపలాదారు మన పొరుగువారే. వారిలో విశ్వాసులున్నారు. కంపెనీలో ఉద్యోగం చేసే సహోదరుడా, నీవు ఊరి మాటను లోపలికి, లోపలి నిజాన్ని ఊరికి చేర్చేవాడవుగా ఉండు. అది కూడా పరిచర్యే.

గాలిని, ఎండను మనమెవరమూ చేయలేదు. నీతిమంతులమీదను అనీతిమంతులమీదను సూర్యుని ఉదయింపజేయు తండ్రి ఉచితంగా ఇచ్చినవి. వాటితో వెలిగే దీపం పట్నంలో మేడకు ఎంత వెలుగిస్తుందో, కొండకింద కాపరి గుడిసెకూ అంత వెలుగివ్వాలి. మన కొండలమీద జరిగే ప్రతి బేరము మక్పేలా బేరమై యుండునట్లు ప్రభువు మన పెద్దలకు ధైర్యమును, కంపెనీల వారికి న్యాయబుద్ధిని దయచేయును గాక.