ఎర్రమట్టి మనకు అచ్చిరాలేదా?

హైదరాబాద్ టెన్నిస్‌కు ప్యారిస్ మట్టి పడదన్నది పాతుకుపోయిన మాట. సానియా మీర్జా రికార్డు మాత్రం వేరే సంగతి చెబుతోంది.

ఫ్రెంచ్ ఓపెన్ దగ్గర పడిందంటే టెన్నిస్ మీద ఒక పురమాయింపు ఖాయం. మట్టి కోర్టు మీద ఒక చాంపియన్‌కు సరిజోడు ప్రత్యర్థి తగిలితే గెలుపు అవకాశాలు ఎలా ఉంటాయో మన ఊరి వైపు నుంచి చూసి రాయమన్నారు ఎడిటర్ గారు. గడువు శుక్రవారం సాయంత్రం. మన ఊరి టెన్నిస్ అనగానే గుర్తొచ్చేది సానియా. సానియా, మట్టి కోర్టు అని కలిపి అంటే చాలు, అందరి నోటా ఒకటే మాట: ‘అది ఆవిడకు అచ్చిరాలేదు.’ కొండాపూర్‌లో తెల్లవారుజామునే పిల్లల్ని కోచింగ్‌కు తెచ్చే తల్లిదండ్రులూ, ఆఫీసు అయ్యాక ఫ్లడ్‌లైట్ల కింద డబుల్స్ ఆడుకునే ఐటీ ఉద్యోగులూ తడుముకోకుండా చెప్పే మాట ఇది. నిజమెంతో చూద్దామని రికార్డులు తిరగేస్తుంటే ఒక స్కోరు దగ్గర చూపు ఆగిపోయింది.

4-6, 6-4, 10-8.

2016 జూన్ 3, ప్యారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ స్కోరు అది. నెట్‌కు ఒకవైపు సానియా, క్రొయేషియాకు చెందిన ఇవాన్ డోడిగ్. రెండోవైపు లియాండర్ పేస్, మార్టినా హింగిస్. గెలిచింది పేస్, హింగిస్. ఈ కథనానికి కావలసినవన్నీ ఆ స్కోరులోనే ఉన్నాయి.

జోడీయే ప్రత్యర్థి

ఆ రోజు ఎదురుగా నిలబడ్డ హింగిస్ సానియాకు పరాయి మనిషి కాదు. 2015 మార్చి నుంచి ఇద్దరూ మహిళల డబుల్స్‌లో ఒక జట్టు. కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ వరసగా గెలిచారు. వరసగా 41 మ్యాచ్‌ల్లో ఓటమి ఎరగలేదు. ప్యారిస్‌కు వచ్చేనాటికి డబుల్స్ ర్యాంకింగ్స్‌లో నంబర్‌వన్ స్థానం ఇద్దరిదీ. సానియా ఫోర్‌హ్యాండ్ ఎక్కడ పడుతుందో, ఒత్తిడిలో ఏ మూలకు కొడుతుందో హింగిస్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నెట్ దగ్గర హింగిస్ ఎప్పుడు అడ్డం పడుతుందో సానియాకూ అంతే తెలుసు.

ఇప్పుడు ఆ స్కోరును నింపాదిగా చదవండి. మొదటి సెట్ సానియా జోడీది, రెండోది పేస్ జోడీది. గేములు కూడితే ఒకరికి పది, ఇంకొకరికి పది. అక్కడిదాకా సరిసమానం. ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడో సెట్ ఉండదు. దాని బదులు సూపర్ టైబ్రేక్ ఆడిస్తారు. ముందుగా పది పాయింట్లు, అదీ కనీసం రెండు పాయింట్ల తేడాతో, సాధించిన జోడీది కప్పు. స్కోరు 10-8. అంటే ఆ నిర్ణాయక ఘట్టంలో నియమం అనుమతించే అతి తక్కువ తేడాతో టైటిల్ చేజారింది.

ఈ ఓటమిని మట్టి ఖాతాలో రాయడం న్యాయం కాదు. మట్టి కోర్టు ఆటగాడికి ఇచ్చేది సమయం. బంతి నేలను తాకగానే రాపిడికి దాని ముందరి వేగం తగ్గి, పైకి లేస్తుంది. వేరే కోర్టుల మీద విన్నర్ అయ్యే షాట్‌కు ఇక్కడ ఎదుటివాళ్లు పరిగెత్తి చేరుకుంటారు. ఓపిక ఉన్నవాళ్లు సెట్ల కొద్దీ ఎదుటివాళ్లను అరగదీస్తారు. సూపర్ టైబ్రేక్ ఆ సమయాన్ని లాగేసుకుంటుంది. ఒక సర్వీస్, ఒక రిటర్న్, నెట్ దగ్గర ఒక వాలీ తప్పాయంటే దిద్దుకునే వ్యవధి ఉండదు. ఆ పద్దెనిమిది పాయింట్లు గడ్డి మీద ఆడించినా, కాంక్రీటు మీద ఆడించినా అంతే ఉత్కంఠ, అంతే తేడా.

హింగిస్ బాకీ

ఆ మట్టితో హింగిస్‌కూ పాత లెక్క ఒకటి ఉంది. 1999 ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ ఫైనల్‌లో స్టెఫీ గ్రాఫ్ మీద 18 ఏళ్ల హింగిస్ తొలి సెట్ 6-4తో గెలిచి, రెండో సెట్‌లో 2-0 ఆధిక్యంలో ఉంది. ఆమె రిటర్న్ ఒకటి బయట పడిందన్నారు. మట్టి మీద బంతి పడ్డచోట గుర్తు మిగులుతుంది. అంపైర్ కుర్చీ దిగి వచ్చి ఆ గుర్తును వేలితో చూపించి తీర్పు చెప్పడం అక్కడి ఆనవాయితీ. హింగిస్ తీర్పు ఒప్పుకోలేదు. నెట్ చుట్టూ తిరిగి గ్రాఫ్ వైపు వెళ్లి, గుర్తు ఇదిగో అని తనే చూపించింది. అవతలి కోర్టులో కాలు పెట్టడం నియమ విరుద్ధం. ఒక పాయింట్ కోత పడింది. స్టేడియం అంతా ఆమెను గేలి చేసింది. అక్కడి నుంచి ఆట చెదిరి 6-4, 5-7, 2-6తో ఓడిపోయింది. ఆ తర్వాత ప్యారిస్‌లో సింగిల్స్ కప్పు ఆమెకు ఎన్నటికీ దక్కలేదు.

పదిహేడేళ్ల తర్వాత అదే ప్యారిస్‌లో పేస్‌తో కలిసి గెలిచిన కప్పుతో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల మిక్స్‌డ్ టైటిళ్లూ హింగిస్‌కు పూర్తయ్యాయి. మరో రెండు వారాల్లో 43 ఏళ్లు నిండబోతున్న పేస్‌కూ అంతే. ఆ రోజు సానియాకు ఎదురైన బలం ఇది. మట్టి మీద ఓడి, మట్టిని చదవడం నేర్చుకున్న మనిషి ఎదురైతే అంత దగ్గరి పోటీ ఇవ్వడం సానియా గొప్పతనమేనని నా గట్టి నమ్మకం.

లెక్క చెప్పేది ఇదీ

సానియా ఆడిన గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ అన్నీ వరసగా రాసుకుంటే అసలు విషయం తేలుతుంది. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మహిళల, మిక్స్‌డ్ డబుల్స్ కలిపి ఆరు. యూఎస్ ఓపెన్‌లో రెండు. వింబుల్డన్‌లో ఒకటి. ఫ్రెంచ్ ఓపెన్‌లో మూడు! అచ్చిరాలేదని మనం తీసిపారేసిన ఎర్రమట్టి ఆమెకు గడ్డి కంటే, న్యూయార్క్ హార్డ్ కోర్టు కంటే ఎక్కువ ఫైనల్స్ ఇచ్చింది.

ఆ మూడింటిలో మొదటిది 2011లో. ఎలీనా వెస్నినాతో మహిళల డబుల్స్ ఫైనల్‌కు వెళ్లి చెక్ జోడీ హ్లవచ్‌కోవా, హ్రదెట్స్‌కా చేతిలో ఓడిపోయింది. 2012 జూన్ 7న మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ కప్పు గెలిచింది. అది భూపతి 38వ పుట్టినరోజు. మూడోది 2016 ఫైనల్. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఉంది. డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ అయిన తొలి భారతీయ మహిళగా 2015 ఏప్రిల్ 13న సానియా చరిత్రకెక్కింది. ఆ స్థానం దక్కించిన కప్పు ముందురోజు అమెరికాలోని చార్లెస్టన్‌లో గెలిచింది. అక్కడి కోర్టు ఆకుపచ్చ రంగుదే అయినా, అదీ మట్టే.

అపోహకు మూలం సింగిల్స్. అక్కడ ఫ్రెంచ్ ఓపెన్‌లో రెండో రౌండ్ దాటలేదు. బల్లపరుపుగా దూసుకెళ్లే ఆమె ఫోర్‌హ్యాండ్ వేగాన్ని మట్టి మింగేసేది. కోర్టంతా ఒక్కరే కాచుకోవాలంటే పాదాల కదలిక చాలేది కాదు. డబుల్స్‌లో సగం కోర్టు చూసుకుంటే చాలు. మిగతా సగం, నెట్‌తో సహా, జోడీది. అదే ఫోర్‌హ్యాండ్ అక్కడ మళ్లీ ఆయుధమైంది.

*చరిత్ర క్లుప్తంగా:* ఫ్రెంచ్ చాంపియన్‌షిప్స్ 1891లో మొదలయ్యాయి. 1925లో విదేశీయులకు తలుపులు తెరిచారు. 1928లో డేవిస్ కప్ పోటీల కోసం కొత్త స్టేడియం కట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన విమానయోధుడు రోలాండ్ గారోస్ పేరు పెట్టారు. మట్టి రారాజు రఫెల్ నాదల్ అక్కడ 14 సార్లు గెలిచాడు.

ఎరుపు రెండు మిల్లీమీటర్లే

టీవీలో చూసేవాళ్లకు ప్యారిస్ కోర్టు లోతుగా ఎర్రమట్టి పోసిన నేలలా కనిపిస్తుంది. నిజానికి ఎరుపు పైపొర మాత్రమే, మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. అట్టు మీద చల్లిన కారప్పొడి పాటి. అడుగున నీరు ఇంకడానికి పెద్ద రాళ్లు, వాటిమీద కంకర, ఆపైన బొగ్గు కాలగా మిగిలిన చిట్టెం, దానిమీద తెల్ల సున్నపురాయి పొడి. బంతి ఎగరేది ఆ సున్నపురాయి పొర మీద. కాలు జారేది పైనున్న ఎర్రటి ఇటుకపొడి మీద. ఈ సామగ్రి మనకు కొత్తదేం కాదు. మన పాత కట్టడాల్లో సున్నంలో కలిపిన సుర్ఖీ కూడా ఇటుకల పొడే.

ఆ కోర్టును బతికించేది నీళ్లు. తడి ఆరితే పొడి గాలికి లేచిపోతుంది, తడి ఎక్కువైతే బంతి బరువెక్కుతుంది. రోజూ తడపాలి, మ్యాచ్ మధ్యలో చాప లాంటి వల లాగి చదును చేయాలి, గీతలు చీపురుతో తుడవాలి. 2016లో వానకు మే 30న ఒక రోజు ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ టోర్నీకి వాన బెడద తప్పలేదు.

కొండాపూర్‌లో మట్టి ఎందుకు లేదు

బొటానికల్ గార్డెన్ నుంచి గచ్చిబౌలి దాకా అపార్ట్‌మెంట్ల లోపలికి తొంగి చూడండి. నాకు కనిపించిన కోర్టులన్నీ నీలం, పచ్చ ఆక్రిలిక్ పూసినవే. వాన వెలిసిన గంటకు రబ్బరు వైపర్‌తో తుడిచి ఆడుకోవచ్చు. ఏళ్ల తరబడి పెద్దగా ఖర్చుండదు. అసోసియేషన్ మీటింగ్‌లో ఎవరూ కాదనరు.

మట్టి కోర్టుకు కావలసిన నీళ్లే ఇక్కడ అసలు చిక్కు. ప్రపంచంలో ప్రధాన మట్టి సీజన్ ఏప్రిల్ నుంచి జూన్ ఆరంభం దాకా. సరిగ్గా అవే నెలల్లో కొండాపూర్‌లో బోర్లు అడుగంటుతాయి, గేట్ల ముందు ట్యాంకర్లు బారులు తీరుతాయి. తాగేందుకు, వాడుకునేందుకు ట్యాంకర్ కొంటున్న ఇంటివాళ్లను కోర్టు తడపడానికి నీళ్లివ్వమని ఎలా అడుగుతాం?

అయితే దారి లేకపోలేదు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకు మురుగునీటి శుద్ధి ప్లాంట్లు ఉన్నాయి. ఆ నీరు తోటలకూ ఫ్లష్‌లకూ వెళుతోంది. సరిగా పరీక్షించి, వాసన, ఉప్పు శాతం చూసుకుని ఒక్క కోర్టుకు మళ్లించవచ్చు. అంతకంటే ముందు ప్రభుత్వ క్రీడా ప్రాంగణాల్లో, గచ్చిబౌలి లాంటి చోట, పిల్లలకు అందుబాటులో రెండు మట్టి కోర్టులు పూర్తిస్థాయి సిబ్బందితో నడపాలి. ఎందుకంటే మట్టి మీద నడక చిన్నప్పుడే రావాలి. ఆక్రిలిక్ మీద పెరిగిన పిల్ల బంతి దగ్గరకు పరిగెత్తి, పాదం గట్టిగా ఆనించి ఆగి కొడుతుంది. మట్టి మీద పెరిగిన పిల్ల జారుతూ వెళ్లి, జారుడులోనే కొట్టి, అదే ఊపున వెనక్కి తిరుగుతుంది. ఇరవై ఏళ్లు నిండాక ఆ అలవాటు రావడం కష్టం.

సానియాకు ఆ సదుపాయమూ లేదు. పేడతో అలికిన కోర్టుల మీద ఆట మొదలుపెట్టానని ఆమె చాలాసార్లు చెప్పింది. అక్కడి నుంచి ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్స్ మూడింటిదాకా వెళ్లింది.

ప్రశ్నకు జవాబు

మట్టి మీద చాంపియన్‌కు సాటి ప్రత్యర్థి ఎదురైతే ఏమవుతుందన్నది ఎడిటర్ గారి ప్రశ్న. డబుల్స్‌లో హైదరాబాద్ ఆటగత్తె అవకాశాలు సగానికి సగమని సానియా చూపించింది. పది గేములకు పది గేములు, చివర రెండు పాయింట్లు. సింగిల్స్‌లో మాత్రం మనం ఇంకా అవకాశమే ఇవ్వలేదు, ఎందుకంటే నేర్చుకునే నేలే ఇవ్వలేదు. కాబట్టి అచ్చిరాలేదన్న మాట ఇకనైనా మానేద్దాం. మన పిల్లలకు మట్టి కోర్టు వేసి ఇచ్చి, తడిపి నిలబెట్టి, ఆ తర్వాత గెలుపోటముల గురించి మాట్లాడదాం.

---

బాక్సు 1: 2016 మట్టి సీజన్‌లో సానియా-హింగిస్

స్టుట్‌గార్ట్: ఫైనల్‌లో కరోలిన్ గార్సియా, క్రిస్టినా మ్లదెనోవిచ్ చేతిలో ఓటమి.
మాడ్రిడ్: ఫైనల్‌లో మళ్లీ అదే ఫ్రెంచ్ జోడీ చేతిలో ఓటమి.
రోమ్: మకరోవా, వెస్నినా జోడీపై గెలిచి టైటిల్.
ప్యారిస్: మూడో రౌండ్‌లో బార్బోరా క్రెచికోవా, కతెరినా సినియకోవా చేతిలో 3-6, 2-6తో ఓటమి. వరసగా నాలుగో గ్రాండ్‌స్లామ్ ఆశ అక్కడితో ముగిసింది. ఈ చెక్ జోడీ తర్వాత 2018, 2021లలో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది.
ఆగస్టులో సానియా, హింగిస్ విడిపోయారు. అదే నెల సిన్సినాటి హార్డ్ కోర్టు ఫైనల్‌లో బార్బోరా స్త్రిట్సోవాతో కలిసి ఆడి హింగిస్ జోడీని సానియా ఓడించింది.

బాక్సు 2: ఐదున్నర గంటల మట్టి

2025 జూన్ 8న కార్లోస్ అల్కరాజ్, యానిక్ సిన్నర్ ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ 5 గంటల 29 నిమిషాలు సాగింది. ఆ టోర్నీలో అంత సుదీర్ఘమైన ఫైనల్ అంతకుముందు లేదు. రెండు సెట్లు వెనకబడి, మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు కాచుకుని అల్కరాజ్ గెలిచాడు. చివరి సెట్‌ను తేల్చింది అక్కడా పది పాయింట్ల టైబ్రేకే. 10-2.

బాక్సు 3: తర్వాతి వరస

భమిడిపాటి శ్రీవల్లి రష్మిక, యమలపల్లి సహజ ఇప్పుడు మన మహిళల టెన్నిస్‌కు ముందు వరస. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్‌లో రష్మిక ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. అవన్నీ హార్డ్ కోర్టు మీదే.