రూటర్ అప్‌డేట్ తర్వాత పాత ల్యాప్‌టాప్‌కి వైఫై రావట్లేదా?

రాంనగర్‌లో మా రూమ్. అర్ధరాత్రి రూటర్ ఫర్మ్‌వేర్ దానంతట అదే అప్‌డేట్ అయింది. పొద్దున నా ఫోన్‌లో నెట్ బాగానే ఉంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లే రూమ్మేట్ పాత ల్యాప్‌టాప్ మాత్రం కనెక్ట్ కావట్లేదు. పది గంటలకి వాడికి ఆన్‌లైన్ మాక్ టెస్ట్!

రీసెట్ బటన్ నొక్కబోతుంటే ఆపాను. నొక్కితే రూటర్‌లో ఉన్న పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. ఇక కేబుల్ అబ్బాయికి ఫోన్లు చేస్తూ కూర్చోవాల్సిందే.

ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచా (మీ అడ్రస్ రూటర్ అడుగున రాసి ఉంటుంది). వైర్‌లెస్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3కి మారిపోయి ఉంది. 2018లో వచ్చిన ఈ పద్ధతి అంతకుముందు కొన్న చాలా ల్యాప్‌టాప్‌లకి తెలీదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్ పెట్టి సేవ్ కొట్టా. ల్యాప్‌టాప్‌లో పాత నెట్‌వర్క్ తీసేసి మళ్లీ పాస్‌వర్డ్ ఇస్తే, 9:52కి కనెక్ట్ అయింది.

మార్కులెన్నో మాత్రం వాడు ఇంకా చెప్పలేదు.